'చులకన చేయడం' అనడానికి ఇంగ్లీషులో ఇన్ని మాటలున్నాయి, మా అమ్మ లేసు పని గురించి రాసేటప్పుడు ఏది వాడాలి?

నూలుపోగు:

అందరికీ నమస్కారమండీ. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు రిపోర్టు ఇంగ్లీషులోనే రాయాలి, మా వైపు ఆడవాళ్ళ లేసు పని మీద రాస్తానని నేనే అడిగి తీసుకున్నాను, ఎందుకంటే ఊహ తెలిసినప్పటి నుంచి నేను చూస్తున్నది అదే. మా అమ్మ మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టే వేళ వరకు చేతిలో కొక్కెం సూది ఆడుతూనే ఉంటుంది. చూపుడువేలు మీద దారం ఒరిసి ఒరిసి సన్నటి గాడి పడిపోయింది, బియ్యం ఏరేటప్పుడు కూడా ఆ వేలు కొంచెం పైకెత్తి పెట్టుకుంటుంది.

అసలు విషయానికొస్తాను. మొన్న సరుకు పట్టుకెళ్ళడానికి ఏజెంటు వచ్చాడు. అమ్మ ఇరవై రోజులు అల్లిన టేబుల్ క్లాత్‌ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, తిరగేసి, మూలన అతుకు దగ్గర గోరుతో గీకి, "ఇక్కడ పోగు వదులైపోయింది, అయినా ఇదేం పెద్ద పనండీ, టీవీ చూసుకుంటూ అల్లేదే కదా" అన్నాడు. అని అనుకున్న రేటు కంటే తగ్గించి ఇచ్చి వెళ్ళాడు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అది కాదు. అమ్మ కూడా తలూపి, "అవునండీ, ఏదో కాలక్షేపానికి" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ సంగతే రిపోర్టులో రాస్తూ, ఏజెంట్లు ఈ పనిని డిప్రీషియేట్ చేస్తారు అని ఒక వాక్యం పెట్టాను. గైడ్ గారు ఎర్ర ఇంకుతో చుట్టి, మాట తప్పు అని మాత్రం రాశారు. ఏది ఒప్పో రాయలేదు. నిఘంటువు తీస్తే బిలిటిల్, డిస్పారేజ్, డెప్రికేట్, డిట్రాక్ట్, డెనిగ్రేట్, డిమీన్, డీవాల్యూ, డిస్కౌంట్, డౌన్‌ప్లే, ట్రివియలైజ్ అని ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. తెలుగు అర్థం చూస్తే అన్నిటికీ తక్కువ చేయు, కించపరచు, చులకన చేయు, ఇవే తిప్పి తిప్పి ఇచ్చారు. అన్నీ ఒకటే అయితే ఇన్ని మాటలు ఎందుకుంటాయి? ఏజెంటు అన్నదానికి ఏ మాట రాయాలి, మా అమ్మ తన పని గురించి తానే అన్నదానికి ఏ మాట రాయాలి, తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. వచ్చే సోమవారం లోపు ఇచ్చేయాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

గట్టుమీద మాస్టారు:

అమ్మాయ్, ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను, పాలకొల్లు వైపే ఉంటాను. ముందు నీ టెన్షన్ తీరే మాట చెబుతాను. నువ్వు రాసింది శుద్ధ తప్పేమీ కాదు. డిప్రీషియేట్‌కి 'తక్కువ చేసి మాట్లాడటం' అనే అర్థం పాత ఇంగ్లీషులో బాగానే వాడారు, నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది. కానీ ఈ రోజుల్లో ఆ మాట కనబడగానే చదివేవాడి బుర్ర లెక్కల పుస్తకం వైపు పోతుంది. పాతబడిన మోటారు ఖరీదు తగ్గడం, రూపాయి విలువ పడిపోవడం, అలాంటివి. నీ గైడ్ గారు చుట్టింది అందుకే అయి ఉంటుంది, ఆ రెండు ముక్కలూ పక్కన రాసి ఉంటే బాగుండేది.

ఇక నీ అసలు ప్రశ్న. ఈ మాటలన్నీ ఒకటే అని అనిపించడానికి కారణం మనం వాటిని తిట్లుగా చూడటం. వాటిని కొలతలుగా చూడు, అప్పుడు దేనికది విడిపోతుంది. ముందు మన తెలుగులోనే చూడు. చులకన అంటే మొదటి అర్థం తేలిక, బరువు లేకపోవడం. ఎవరినైనా చులకన చేశామంటే త్రాసులో వాళ్ళ తూకం తగ్గించామన్నమాట. నలుగురిలో పలచనైపోయాడు అంటాం, అది చిక్కదనం, మజ్జిగలో నీళ్ళు పోసినట్టు. చిన్నబుచ్చడం అంటే సైజు తగ్గించడం. తృణీకరించడం అంటే గడ్డిపోచతో సమానం చేయడం. లెక్కచేయకపోవడం అంటే లెక్కలోంచే తీసేయడం. మనం నోటితో వాడేటప్పుడు ఇదంతా ఆలోచించం కానీ, ఎక్కడ ఏ మాట పడాలో మనకి తెలుసు. పెళ్ళిలో భోజనానికి పిలవకపోతే చిన్నబుచ్చుకున్నాడు అంటాం గానీ పలచనైపోయాడు అనం కదా.

ఇంగ్లీషు మాటల లోపల కూడా ఇలాగే ఒక్కో కొలత ఉంటుంది. బిలిటిల్ అచ్చం మన చిన్నబుచ్చడమే, లిటిల్ అనేది మాటలోనే ఉంది. దీని పుట్టుక నాకు చాలా ఇష్టం. అమెరికా మూడో అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 1780లలో వర్జీనియా గురించి రాసిన పుస్తకంలో ఈ మాట మొట్టమొదట కనబడుతుంది. అప్పట్లో బుఫాన్ అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త, అమెరికా ఖండంలో జంతువులన్నీ యూరప్ జంతువుల కంటే చిన్నవి, బలహీనమైనవి అని రాశాడు. జెఫర్సన్‌కి కోపం వచ్చింది. ప్రకృతి తన సంతానాన్ని అట్లాంటిక్‌కి ఒక వైపున బిలిటిల్ చేస్తుందా అని అడుగుతూ, కొలతలూ తూకాలూ పట్టికలు వేసి చూపించాడు. తర్వాత మూస్ అనే పెద్ద దుప్పి కళేబరాన్ని సముద్రం దాటించి పారిస్‌కి తెప్పించి మరీ చూపించాడు. ఇంగ్లండు పత్రిక ఒకటి ఇదేం మాట అని వెక్కిరించింది కూడా, అయినా మాట నిలబడింది. అంటే ఆ మాట పుట్టడమే, మా నేలని చిన్నది చేయకండి అన్న పట్టుదలలోంచి పుట్టింది. నీ రిపోర్టు కూడా ఆ కోవలోదే అని నాకనిపిస్తోంది.

డిస్పారేజ్ కొలిచేది వేరు. అది పెళ్ళి సంబంధాల మాట. పాత ఫ్రెంచిలోంచి వచ్చింది, సాటి కాని ఇంటికి, తక్కువ అంతస్తు వాళ్ళకి ఇచ్చి పెళ్ళి చేయడం అని అర్థం. 1215 నాటి మాగ్నా కార్టాలో, అంటే ఇంగ్లండు రాజు తన ప్రభువులకి రాసిచ్చిన హక్కుల పత్రంలో కూడా, తండ్రి పోయిన వారసులకి పెళ్ళి చేసేటప్పుడు ఇలా డిస్పారేజ్ చేయకూడదని ఒక షరతు ఉంది. వియ్యానికైనా కయ్యానికైనా సమఉజ్జీ ఉండాలి అని మన వాళ్ళు అంటారే, ఆ ఉజ్జీ చెడగొట్టడమే డిస్పారేజ్. తర్వాత్తర్వాత పెళ్ళి పోయి, ఒకరిని గానీ ఒక వస్తువుని గానీ ఉన్న స్థాయి నుంచి కిందకి దించి మాట్లాడటం అనే అర్థం మిగిలింది. నోటితో చేసే పని అది. నీ ఏజెంటు చేసింది ఇదే. బట్టని తిప్పి చూసి, లేని లోపం గోరుతో గీకి, ఈ పని స్థాయి ఇంతే అన్నాడు.

మిగతావాటి గురించి సాయంత్రం రాస్తాను, కరెంటు పోయేలా ఉంది.

దాళ్వా రైతు:

మాస్టారు చెప్పింది వంద శాతం నిజం. నాకు ఇంగ్లీషు అంత రాదు గానీ ఈ ఏజెంటు విద్య మాత్రం బాగా తెలుసు, ఏటా కళ్ళంలో చూస్తాను కాబట్టి. సార్వాకి గానీ దాళ్వాకి గానీ, అంటే మొదటి పంటకైనా రెండో పంటకైనా, ధాన్యం రాశి పోసి ఉంచితే కొనేవాడు వచ్చి ఏం చేస్తాడో చెబుతాను చూడండి. రాశిలో చెయ్యి మోచేతి దాకా దింపి గుప్పెడు తీస్తాడు. అరచేతిలో ఊదుతాడు, తాలు ఎగరకపోయినా "తాలుంది" అంటాడు. నాలుగు గింజలు నోట్లో వేసుకుని పంటి కింద కొరుకుతాడు, "టప్" మన్నా సరే "మెత్తగా ఉంది, తేమ" అంటాడు. తేమ 17 శాతం వరకు ఉండొచ్చని ప్రభుత్వ రూలు, మిషన్ పెట్టి చూడమంటే చూడడు, పన్నే ఆయన మిషను. తర్వాత రంగు, తర్వాత నూక. అన్నీ అయ్యాక 75 కిలోల బస్తాకి ఇంత తరుగు అంటాడు. అదే ధాన్యం మన కళ్ళంలోంచి లారీ ఎక్కాక అవతల పార్టీకి ఫోన్ చేసి "నంబర్ వన్ సరుకండి" అని చెప్పడం మా అబ్బాయి పక్కనే ఉండి విన్నాడు.

నేను అడగదలుచుకుంది ఏమిటంటే, ఇక్కడ రెండు పనులున్నాయి కదా మాస్టారూ. నోటితో సరుకుని తీసిపారేయడం ఒకటి, తూకంలో తరుగు తీయడం ఇంకొకటి. నిజంగా తేమ ఉంటే తరుగు న్యాయమే, దానికి నేను కాదనను, ఎండితే బరువు తగ్గుతుంది కాబట్టి. న్యాయం కానిది ముందు చెప్పింది. ఇంగ్లీషులో ఈ రెండిటికీ వేరు వేరు మాటలు ఉన్నాయా? ఎందుకంటే ఆ అమ్మాయి రిపోర్టులో ఇది తేలకపోతే చదివేవాడు "రేటు తగ్గించడం వ్యాపారం కదా, అందులో తప్పేముంది" అంటాడు.

గట్టుమీద మాస్టారు:

రైతు గారూ, మీరు అడిగింది అసలైన ప్రశ్న. ఉన్నాయండీ. తూకంలో తరుగు తీయడం డిడక్ట్, ధరలో తగ్గించడం డిస్కౌంట్. ఇవి లెక్కలు, ఇందులో అవమానం లేదు. మీరు చెప్పిన మొదటి పని డిస్పారేజ్, మామూలు మాటల్లో అయితే రన్ డౌన్. ఇది మీ కళ్ళంలో కొత్తగా పుట్టిన విద్య కూడా కాదు. బైబిల్లో సామెతల గ్రంథం 20వ అధ్యాయంలో ఉంది, కొనేవాడు బాగోలేదు బాగోలేదు అంటాడు, పక్కకి వెళ్ళాక దాని గురించే గొప్పలు చెప్పుకుంటాడు అని. ఎన్ని వేల ఏళ్ళ నాటి బేరమో చూడండి.

డిస్కౌంట్‌కి ఇంకో వాడుక ఉంది, అది కూడా ఆ అమ్మాయికి పనికొస్తుంది. ఒక మనిషి అభిప్రాయాన్ని డిస్కౌంట్ చేయడం అంటే ఖాతరు చేయకపోవడం. కౌంట్ అంటే లెక్క, డిస్కౌంట్ అంటే లెక్కలోంచి తీసేయడం, మన 'లెక్కచేయకపోవడం' ఎలా కట్టుకున్నామో వాళ్ళూ అలాగే కట్టుకున్నారు.

డిట్రాక్ట్ విషయానికి వస్తే, అందులో ఉన్నది లాగడం. మొత్తాన్ని కిందకి దించదు, మొత్తంలోంచి కొంత లాగేస్తుంది. దాని వెనక ఫ్రమ్ రావాలి. సాధారణంగా మనిషి కాదు, ఏదో ఒక చిన్న లోపం ఆ పని చేస్తుంది. పోగు వదులైనంత మాత్రాన ఆ టేబుల్ క్లాత్ అందానికి వచ్చిన లోటు ఏమీ లేదు అని చెప్పాలంటే ఇది సరిగ్గా సరిపోతుంది.

డిబేస్ అనేది లోహం మాట. ఇంగ్లండు రాజు 8వ హెన్రీ 1544 నుంచి వెండి నాణేల్లో రాగి కలిపించాడు. నాణెం మీద ఆయన బొమ్మ ఎదురుగా చూస్తున్నట్టు ఉండేది, చేతులు మారి మారి అరిగేసరికి ముందు ముక్కు దగ్గర వెండి పోయి రాగి బయటపడింది, అందుకని జనం ఆయన్ని రాగిముక్కు ముసలాడు అని పిలిచారు. డిబేస్ అంటే లోపలి సరుకే చెడగొట్టడం. మీ అమ్మగారి పనికి ఎవరూ ఆ పని చేయలేదు, పని పనిలాగే ఉంది, కాబట్టి ఆ మాట నీకు వద్దు.

రాజోలు పిల్ల:

నూలుపోగు గారూ, మీ అమ్మగారి మాట దగ్గర నేను ఆగిపోయాను. "ఏదో కాలక్షేపానికి." మా అమ్మమ్మా ఇంతే. పూతరేకులు చేసి పంపిస్తుంది, ఎవరైనా బాగున్నాయంటే "ఏముందే, రేకు సరిగ్గా రాలేదు ఈసారి" అంటుంది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, నాకూ అదే అలవాటు. మొదటి కంపెనీలో మూడు వారాలు కూర్చుని ఒక మాడ్యూల్ మొత్తం తిరగరాశాను, మీటింగ్‌లో అడిగితే చిన్న మార్పేనండీ అన్నాను. ఆ ఏడాది నా రివ్యూలో కూడా "చిన్న మార్పులు చేసింది" అనే వచ్చింది. నేను వినయంగా అన్న మాటని వాళ్ళు కొలతగా రాసుకున్నారు. చాలా ఏడ్చాను అప్పుడు.

దీనికి ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి. ఒకటి ప్లే డౌన్ లేదా డౌన్‌ప్లే, అంటే కొండంతని గోరంత చేసి చెప్పడం. రెండోది సెల్ఫ్ డెప్రికేటింగ్, తనని తాను తగ్గించుకుని మాట్లాడటం. ఇక్కడ జాగ్రత్త, మీరు రాసిన డిప్రీషియేట్‌కీ ఈ డెప్రికేట్‌కీ స్పెల్లింగులో ఒక్క ఐ అక్షరం తేడా, మూలాలు మాత్రం పూర్తిగా వేరు. డిప్రీషియేట్‌లో ఉన్నది లాటిన్‌లో ధర అనే మాట. డెప్రికేట్‌లో ఉన్నది ప్రార్థన. కీడు రాకుండా పోవాలని దేవుడికి మొక్కుకోవడం దాని మొదటి అర్థం, మనం దిష్టి తీసి పడేస్తామే ఆ భావన. అక్కడి నుంచి ఇది వద్దు, ఇది నాకు ఇష్టం లేదు అని చెప్పడంగా మారింది. మా సాఫ్ట్‌వేర్‌లో డెప్రికేటెడ్ అని రోజూ కనబడుతుంది. ఒక ఫంక్షన్, అంటే ప్రోగ్రాంలో ఏదో ఒక పని చేసే ముక్క, పనిచేస్తూనే ఉంటుంది, కానీ కొత్తగా వాడకండి, కొన్నాళ్ళకి తీసేస్తాం అని అర్థం. దాని విలువ తక్కువ అని కాదు. తనని తాను తక్కువ చేసుకోవడం అనే చోట మాత్రం ఒకప్పుడు సెల్ఫ్ డిప్రీషియేటింగ్ అనేవారట, వాడకంలో డెప్రికేటింగ్ వచ్చి దాన్ని పక్కకి నెట్టేసింది.

మీ అమ్మగారికి నేనైతే ప్లే డౌన్ రాస్తాను. సెల్ఫ్ డెప్రికేటింగ్ అంటే చాలాసార్లు నవ్వించడానికి తనమీద తాను జోక్ వేసుకునేవాళ్ళ సంగతి గుర్తొస్తుంది. మీ అమ్మగారు జోక్ వేయలేదు. ఎదురు చెబితే వచ్చేసారి దారం ఇవ్వడేమో అని ఆవిడకి లోపల ఉండి ఉండొచ్చు, అది మీకే తెలియాలి.

ఆక్వా లెక్కలు:

భీమవరంలో రొయ్యల చెరువుల వాళ్ళకి అకౌంట్స్ రాస్తుంటాను. డిప్రీషియేట్ అనగానే నాలాంటివాళ్ళకి ఏం గుర్తొస్తుందో చెబుతా, గైడ్ గారి ఎర్ర ఇంకు అప్పుడు పూర్తిగా అర్థమవుతుంది. చెరువులో గాలి ఆడించడానికి ఏరియేటర్లు లక్ష రూపాయలు పెట్టి కొన్నారనుకోండి. ఇన్‌కం ట్యాక్స్ లెక్కలో మామూలు యంత్రాలకి ఏడాదికి 15 శాతం తరుగుదల. మొదటి ఏడాది 15,000 పోయి 85,000. రెండో ఏడాది ఆ 85,000 మీద 15 శాతం, అంటే 12,750 పోయి 72,250. కంప్యూటర్లకైతే 40 శాతం. ఇందులో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు, వస్తువు వాడాం, అరిగింది, రాసుకున్నాం. దీనికి ఎదురు మాట అప్రీషియేట్, స్థలం ఖరీదు పెరిగినా అదే మాట, పని మెచ్చుకున్నా అదే మాట. రెండిటిలోనూ ఉన్నది ధరే.

డీవాల్యూ దానికి పక్క మాటే గానీ అందులో చేసేవాడు ఒకడు ఉంటాడు. 1966 జూన్ 6న ప్రభుత్వం డాలరుని 4.76 రూపాయల నుంచి 7.50 రూపాయలకి మార్చింది, అది డివాల్యుయేషన్, కుర్చీలో కూర్చున్నవాళ్ళు తీసుకున్న నిర్ణయం. ఈ రోజు మార్కెట్లో రూపాయి దానంతట అది జారితే డిప్రీసియేషన్. ఈ తేడా మీకు ముఖ్యమని నా అభిప్రాయం. లేసు పని విలువ ఏరియేటర్‌లాగా దానంతట అది అరిగి తగ్గలేదు. తగ్గించారు. అందుకే డిప్రీషియేట్ తప్పు, డీవాల్యూ ఒప్పు.

కోనసీమ కుర్రాడు:

ఇంత మెత్తగా ఎందుకండీ, డెనిగ్రేట్ అని రాసేయండి. వినడానికి గట్టిగా ఉంటుంది, చదివినవాళ్ళకి తగులుతుంది.

గట్టుమీద మాస్టారు:

తమ్ముడూ, కోపం నాకూ ఉంది, కానీ ఆ మాట ఇక్కడ అతకదు. డెనిగ్రేట్‌లో ఉన్నది నలుపు, లాటిన్‌లో నైజర్ అంటే నలుపు. మంచి పేరు ఉన్నవాళ్ళ మొహానికి మసి పూయడం అది. మసి పూయాలంటే ముందు ఆ మొహం నలుగురికీ తెలిసి ఉండాలి. ఈ ఆడవాళ్ళ పేరు ఏ బట్ట మీదా ఉండదు, ఎక్కడో విదేశంలో భోజనాల బల్ల మీద పరిచినవాళ్ళకి ఇది ఎవరి చెయ్యో తెలియదు. పేరే లేనప్పుడు ఇంక చెడగొట్టేదేముంది? పైగా నలుపుని చెడుతో కలిపే మాటలు రాసేటప్పుడు నాకు చెయ్యి ఆడదు, అది నా సొంత పట్టింపు అనుకోండి.

డిమీన్ గురించి అడిగావు కదా అమ్మాయ్. ఇంగ్లీషులో డిమీన్‌లు రెండున్నాయి. నడవడిక అనే అర్థం ఉన్నది ఒకటి, డిమీనర్ దాని చుట్టమే. మీన్ అంటే నీచం, అందులోంచి డిబేస్ పోలికలో వచ్చింది రెండోది. మనిషి గౌరవం మీద దెబ్బ అది. పనిని కాదు, మీ అమ్మగారిని పట్టుకుని ఏదైనా అని ఉంటే ఆ మాట వాడాల్సి వచ్చేది.

ట్రివియలైజ్ మాత్రం వదులుకోకు. లాటిన్‌లో ట్రివియమ్ అంటే మూడు దారులు కలిసే చోటు. దారిన పోయేవాళ్ళందరికీ దొరికేది, ప్రత్యేకత లేనిది అని ఆ మాటకి అర్థం అలా స్థిరపడింది. ఎనిమిదేళ్ళ వయసు నుంచి నేర్చుకుంటే గానీ చేతికి రాని పనిని "టీవీ చూసుకుంటూ అల్లేదే కదా" అన్నాడు చూడు, ఆ ఒక్క వాక్యానికి ట్రివియలైజ్ కంటే సరైన మాట నాకు తోచడం లేదు.

ఇంకొక మాట, ఇది రిపోర్టులో పెట్టకు, ఊరికే నీ సంతోషానికి. ఏ విలువా లేనిదిగా లెక్కకట్టడానికి ఇంగ్లీషులో 29 అక్షరాల మాట ఉంది, ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్. ఇంగ్లండులోని ఈటన్ బడి లాటిన్ వ్యాకరణంలో, విలువ లేదు అని చెప్పడానికి వాడే నాలుగు మాటలు వరుసగా ఇచ్చి ఉండేవి, వాటిని గుచ్చి చేశారు. అందులో ఉన్ని పోగు ఉంది, వెంట్రుక ఉంది. మనకి గడ్డిపోచ, పూచికపుల్ల, చిల్లిగవ్వ ఎలాగో వాళ్ళకి అవి. ఉన్ని పోగుని కూడా విలువ లేనిదని లెక్కేశారు, నీ పేరు చూసి అది గుర్తొచ్చింది.

రాజోలు పిల్ల:

మాస్టారు గారూ, ఒక్క విషయం కలపాలి. ఈ పని గురించే మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి, ఇక్కడి లేసు అల్లే ఆడవాళ్ళ గురించి 1982లో ఒక పుస్తకమే రాశారు. ఆవిడ వాదన సరిగ్గా ఇదే, వీళ్ళని గృహిణులు అని రాసుకోవడం వల్ల, ప్రపంచ మార్కెట్‌కి వెళ్ళే పనిని తీరిక వేళ వ్యాపకంగా చూస్తున్నారు, అందుకే కూలి అంత తక్కువగా ఉంది అని. నూలుపోగు గారూ, మీ లైబ్రరీలో ఉందేమో అడగండి. కాలక్షేపం అన్న మాట మీ అమ్మగారి నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో మీకు అందులో కనబడుతుంది. ఇప్పుడైతే 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతానిదే అనే అధికారిక గుర్తింపు కూడా వచ్చింది, ఆ ముక్క కూడా రాయండి, పేరు వచ్చింది గానీ అరుగు మీద రేటు మారిందా అని.

నూలుపోగు:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఆ పుస్తకం గురించి మా గైడ్ గారే ఒకసారి అన్నారు, నేను పట్టించుకోలేదు, రేపే లైబ్రరీకి వెళ్తాను.

నిన్న రాత్రి ఆ పేరా మొత్తం తిరగరాశాను. తెలుగులో చెబితే ఇలా వచ్చింది. అరుగు మీద ఏజెంటు బట్టని పట్టుకుని మాట్లాడే మాటలకి డిస్పారేజ్ పెట్టాను. "టీవీ చూసుకుంటూ అల్లేదే" అన్నదానికి ట్రివియలైజ్. వదులైన పోగు గురించి, ఇది ఆ బట్ట అందంలోంచి ఏమీ డిట్రాక్ట్ చేయదు అని ఒక చిన్న వాక్యం, ఫ్రమ్‌తో సహా. ఇరవై రోజుల పనికి ఇచ్చిన డబ్బు దగ్గర అండర్‌వాల్యూ, అంటే ఉన్న విలువ కంటే తక్కువ కట్టడం, మొత్తం ఈ పద్ధతికి, అంటే పనిని పనే కాదనడానికి, డీవాల్యూ. అమ్మ మాటకి ప్లే డౌన్. రైతు గారు చెప్పిన తరుగు సంగతి కూడా పెట్టాను, నిజంగా లోపం ఉంటే డబ్బు తగ్గించడం వేరు, లేని లోపం కల్పించి తగ్గించడం వేరు అని. ఒకే అర్థం అనుకున్న మాటలు ఒకే పేరాలో ఆరు పడ్డాయి, ఒక్కటి కూడా ఎక్కువ అనిపించలేదు.

రాసింది అమ్మకి తెలుగులో చదివి వినిపించాను. చేతిలో పని ఆపకుండానే వింది. తన మాట దగ్గరికి వచ్చేసరికి సూది ఆగింది. "నేనన్నది కూడా రాశావా?" అంది. తీసేయమంటావా అని అడిగాను. కాసేపు ఊరుకుని, "ఉండనీ. కానీ ఎన్ని పువ్వులో కూడా రాయి" అంది. ఇద్దరం కూర్చుని లెక్కేశాం. పన్నెండు వరసలు, వరసకి పన్నెండు, మొత్తం 144 పువ్వులు. పువ్వుకి అరగంట చొప్పున చేతిపని 72 గంటలు. వాటిని ఒకదానికొకటి కలిపే అతుకుపని ఇంకో 18 గంటలు. మొత్తం 90. ఏజెంటు ఇచ్చిన డబ్బుని 90తో భాగించి, ఆ అంకె ఆ పేరా కిందే ఒక పట్టికలో పెడుతున్నాను.